మెడికల్ కోడింగ్‌కు బాట వేసిన విలియం ఫార్.. ఆకలి చావులను లెక్కలో రాసి పెద్దలతో తలపడిన డాక్టర్!

డిగ్రీ అయిపోగానే మెడికల్ కోడింగ్ కోర్సులో చేరేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో చాలామందే ఉన్నారు. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్.. ఏది చదివి వచ్చినా సరే, అక్కడ ఐసీడీ పుస్తకం పట్టాల్సిందే. డాక్టర్ రాసిన జబ్బుకు సరైన కోడ్ ఇవ్వడమే ఈ ఉద్యోగం. మరి జబ్బులన్నింటినీ ఇలా ఓ వరుసలో పెట్టే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? దాని మూలాలు 19వ శతాబ్దపు లండన్‌లో, విలియం ఫార్ అనే డాక్టర్ పనిలో ఉన్నాయి.

పేదింటి పిల్లాడు.. 500 పౌండ్ల సాయం

1807 నవంబర్ 30న ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో కెన్లీ అనే పల్లెలో ఫార్ పుట్టారు. తల్లిదండ్రులు నిరుపేదలు. జోసెఫ్ ప్రైస్ అనే స్థానిక పెద్దమనిషి ఆ పిల్లాడిని చేరదీసి చదివించారు. 1828లో ఆయన చనిపోతూ ఫార్ పేరిట 500 పౌండ్లు రాసిపెట్టారు. ఆ అండతోనే ఫార్ పారిస్ వెళ్లి వైద్యం చదువుకున్నారు. తర్వాత లండన్‌లో ప్రాక్టీస్ పెట్టినా మనసంతా లెక్కల మీదే ఉండేది.

1837లో ఆయన భార్య క్షయతో కన్నుమూశారు. అదే ఏడాది జులైలో ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు మొదలైంది. ఆ తొలి ఏళ్లలోనే ఫార్ జనరల్ రిజిస్టర్ ఆఫీసులో చేరారు. దాదాపు 40 ఏళ్లు అక్కడే పనిచేశారు.

ఒకే జబ్బుకు నాలుగు పేర్లు

ఆఫీసుకు కుప్పలుగా వస్తున్న కాగితాలు చూశాక ఫార్‌కు అసలు సమస్య అర్థమైంది. ఒకే జబ్బుకు మూడు నాలుగు పేర్లు వాడుతున్నారు. ఒకే పేరును వేర్వేరు జబ్బులకు రాస్తున్నారు. కొందరైతే అసలు జబ్బు వదిలేసి, చివర్లో వచ్చిన ఇబ్బందినే కారణంగా చూపిస్తున్నారు. ఇలాగైతే ఏ ఊళ్లో ఏ రోగం ఎందరిని బలి తీసుకుందో ఎవరికీ తెలియదు. అందుకే అందరూ ఒకే పేర్లు, ఒకే వర్గాలు వాడాలని తొలి వార్షిక నివేదికలోనే గట్టిగా చెప్పారు.

63 ఆకలి చావులు.. పెద్ద రగడ

ఆ నివేదికే పెద్ద దుమారం రేపింది. నమోదు మొదలైన తొలి ఆరు నెలల్లో 63 మరణాలను ఫార్ ఆకలి కింద చూపించారు. పేదల సహాయ చట్టాన్ని నడిపే కమిషన్ కార్యదర్శి ఎడ్విన్ చాడ్విక్‌కు ఇది మింగుడు పడలేదు. చట్టం ఉండగా ఆకలి చావులేంటని అభ్యంతరం చెప్పారు. ఫార్ మాత్రం వెనక్కి తగ్గలేదు. తిండి లేకపోతే మనిషి నేరుగా పోవడం అరుదు, ముందు ఒళ్లు చిక్కి రోగాల పాలవుతాడని వాదించారు. అంటే ఆ 63 కూడా తక్కువ లెక్కే!

కలరా విషయంలో మారిన అభిప్రాయం

1848-49 కలరాలో థేమ్స్ నదికి దగ్గరగా, పల్లంలో ఉన్నచోట చావులు ఎక్కువని ఫార్ లెక్కల్లో తేలింది. దాంతో చెడు గాలే కారణమని నమ్మారు. డాక్టర్ జాన్ స్నో మాత్రం నీళ్ల వల్లేనన్నారు. స్నో మాటను ఫార్ పూర్తిగా ఒప్పుకోలేదు, అయినా వివరాలు దాచలేదు. 1854లో చనిపోయినవాళ్ల ఇంటికి ఏ కంపెనీ నీళ్లు వస్తున్నాయో రాయమని దక్షిణ లండన్ రిజిస్ట్రార్లను కోరారు. 1866లో తూర్పు లండన్‌లో కలరా విరుచుకుపడినప్పుడు, ఫార్ సొంత లెక్కలే నీళ్ల కంపెనీ వైపు వేలు చూపించాయి. అప్పటికి స్నో చనిపోయి 8 ఏళ్లు. నీళ్లే కారణమని ఫార్ ఒప్పుకున్నారు. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాల లెక్క తేల్చడంలో ఫ్లోరెన్స్ నైటింగేల్‌కు తోడుగా నిలిచింది కూడా ఈయనే.

ఐసీడీకి మూలం ఇదే

1853లో బ్రసెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ, అన్ని దేశాలకూ పనికొచ్చే జబ్బుల జాబితా తయారుచేసే పనిని ఫార్‌కు, జెనీవాకు చెందిన మార్క్ డెస్పిన్‌కు అప్పగించింది. 1855లో పారిస్‌లో ఇద్దరూ వేర్వేరు జాబితాలు ఇచ్చారు. ఫార్ జబ్బులను ఐదు వర్గాలు చేశారు. అంటురోగాలు, ఒళ్లంతటికీ సోకే జబ్బులు, అవయవాల వారీగా వచ్చేవి, ఎదుగుదలకు సంబంధించినవి, గాయాలు. 1893లో జాక్ బెర్టిలాన్ తయారుచేసిన జాబితాకు ఆమోదం దక్కింది. 1948లో ఆరో సవరణతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు వచ్చింది. ఐసీడీ-10 అధ్యాయాల వరుసలో ఫార్ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. అంటురోగాలతో మొదలయ్యే ఆ పుస్తకంలో తొలి కోడ్ ఏ00.. అది కలరాదే!

పై అధికారి రిటైరయ్యాక రిజిస్ట్రార్ జనరల్ పదవి ఫార్‌కు దక్కలేదు. దాంతో ఉద్యోగం వదిలేశారు. 1883 ఏప్రిల్ 14న లండన్‌లో తుదిశ్వాస విడిచారు.

కోడ్ తప్పితే క్లెయిమ్ తిరిగొస్తుందని ఇప్పుడు క్లాసుల్లో చెబుతారు. ఫార్ రోజుల్లో కారణం తప్పు రాస్తే ఓ పేదవాడి ఆకలి చావు జ్వరం ఖాతాలో కలిసిపోయేది. ఆయన పట్టుబట్టిన ఆ ఆకలికి ఐసీడీ-10లో ఓ కోడ్ ఉంది.. టీ73.0.