మందుల సంచి: మేజర్ జనరల్ సోఖే గారి జీవితం

మన సంచికల్లో వైద్యం మాట వస్తే అందరం ముందుగా యల్లాప్రగడ సుబ్బారావు గారినే తలుచుకుంటాం. అది న్యాయమే, ఆయన మన భీమవరం వారు. ఈసారి మాత్రం మనలాగే యూనిఫాం వేసుకున్న ఒక డాక్టరు గారి గురించి రాస్తున్నాను. ఆయన తెలుగువారు కాదు, పంజాబీ. అయినా ఆయన పట్టుదలకు గుర్తు ఒకటి మన హైదరాబాదు బాలానగర్‌లో ఉంది. ఆయనే మేజర్ జనరల్ సర్ సాహిబ్ సింగ్ సోఖే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను 1974లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరాను. లక్నోలో ట్రైనింగ్ అయ్యాక ఒక ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కి పంపారు. నావి పెద్ద చదువులేమీ కావు. భుజాన మందుల సంచి, అందులో జ్వరం మాత్రలు, మలేరియా మాత్రలు, టింక్చర్, కట్టుగుడ్డలు. ఆ సంచి ఉంటే చాలు, కొండ మీద పోస్టులో జవానుకి అర్ధరాత్రి జ్వరమొచ్చినా మాత్ర అందేది. రేషన్ వచ్చిన దారినే మందులూ వచ్చేవి, దారి లేనిచోట కంచరగాడిదల మీద వచ్చేవి.

1979లో సెలవు మీద ప్రకాశం జిల్లాలోని మా ఊరు వెళ్ళాను. మిలటరీలో మందులిచ్చే పని అని విని మర్నాడు పొద్దున్నే పదిమంది వాకిట్లో కూర్చున్నారు. వెనకింటి అవ్వ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. రెండు రోజులుగా విరేచనాలు, కళ్ళు లోపలికి పోయాయి. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, పంచదార కొలత ప్రకారం కలిపి చెంచాతో పట్టిస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి వాడు తేరుకున్నాడు. కానీ చలిజ్వరంతో వణుకుతూ వచ్చిన పెద్దాయనకి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క మాత్ర లేదు. బస్సెక్కి టౌనుకి పొమ్మని చెప్పి పంపేశాను. ఆయన దగ్గర బస్సు చార్జీ ఉందో లేదో కూడా అడగలేదు. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.

తర్వాత చాలా ఏళ్ళకు సికింద్రాబాదు పోస్టింగులో ఉండగా, బాలానగర్ వైపు సిటీ బస్సులో పోతుంటే ఐడీపీఎల్ ఫ్యాక్టరీ గోడ కనిపించింది. పక్క సీట్లో ఉన్నాయన అందులో పనిచేసి రిటైరయ్యారట. ఈ ఫ్యాక్టరీ రావడం వెనుక ఒక మిలటరీ డాక్టరు కృషి ఉందని ఆయనే చెప్పారు. అప్పటినుంచి సోఖే గారి గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

సోఖే గారు 1887లో పుట్టారు. 1913లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. ఆ రోజుల్లో ఆ సర్వీసులో పై పదవులన్నీ తెల్లవారివే. అలాంటిది 1932లో బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. ప్లేగు టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ 1899లో మొదలుపెట్టిన సంస్థ అది. ఆయన భార్య లీలా రాయ్, మేనకా పేరుతో కథక్ నృత్యంలో దేశమంతా పేరు తెచ్చుకున్న కళాకారిణి.

రెండో ప్రపంచయుద్ధంలో ఓడలు సరిగ్గా రాక విదేశీ మందులకు కటకట వచ్చింది. హాఫ్‌కిన్‌లో సల్ఫా మందుల తయారీ మీద పని జరిగింది. టీకాల ఉత్పత్తి పెంచారు. సల్ఫా మందులు ఇస్తే ప్లేగు రోగుల్లో చావులు బాగా తగ్గుతాయని అక్కడి డాక్టర్లు చూపించారు. సోఖే గారికి ఒక సంగతి అప్పుడే బోధపడి ఉంటుందని నా ఊహ. మందు ఎంత గొప్పదైనా సరే, దాన్ని తయారుచేసే చెయ్యి మనది కాకపోతే అవసరానికి అందదు. సప్లై తెగితే పోస్టు ఏమవుతుందో ఫౌజీకి వేరే చెప్పక్కర్లేదు కదా.

ఆయన చేసిన ఇంకో పని నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉండగా, నెహ్రూ గారి అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. అందులో ఆరోగ్య ఉపసంఘానికి అధ్యక్షుడు అప్పటి కల్నల్ సోఖే. తెల్లవాడి సర్వీసులో ఉంటూ స్వతంత్ర భారతం కోసం ప్లాను వేశారన్నమాట! ఆ ఉపసంఘం ప్రతి వెయ్యిమంది జనాభాకి ఒక ఆరోగ్య కార్యకర్త ఉండాలంది. అతనికి పరిశుభ్రత, ప్రథమ చికిత్స, చిన్న చిన్న మందులివ్వడం నేర్పాలంది. మందుల విషయంలో దేశం తన కాళ్ళమీద తాను నిలబడాలంది. అది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ఆయన అడిగింది ఊరికొక నర్సింగ్ అసిస్టెంట్‌ని, వాడి భుజాన ఒక నిండు సంచిని. అంతకన్నా ఏమీ లేదు!

1946లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థలో అసిస్టెంట్ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆ సంస్థ, యునిసెఫ్ సాయంతో మన ప్రభుత్వం పూణె దగ్గర పింప్రిలో పెన్సిలిన్ ఫ్యాక్టరీ పెట్టింది. 1954లో హిందుస్తాన్ యాంటీబయాటిక్స్ కంపెనీ ఏర్పడింది. 1952 నుంచి 1956 దాకా సోఖే గారు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులు.

అప్పట్లో విదేశీ కంపెనీలు తయారైన మందు తెచ్చి ఇక్కడ మాత్రలు కట్టి అమ్మేవి. మూల రసాయనాల నుంచి మందు తయారుచేయడం మనవాళ్ళకు నేర్పేవారు తక్కువ. ధరల సంగతి చెప్పక్కర్లేదు. మందుల ధరలు బాగా ఎక్కువున్న దేశాల్లో మనది ఒకటని అమెరికా సెనెట్ విచారణలోనే తేలింది. 1956లో సోవియట్ నిపుణుల బృందం వచ్చి, పూర్తిస్థాయి ఫ్యాక్టరీలకు సాయం చేస్తామంది. దీనిమీద చాలా వాదోపవాదాలు జరిగాయి. ఆ సాయం తీసుకోవాలని గట్టిగా పట్టుబట్టినవారిలో సోఖే గారు ముఖ్యులు. చివరికి 1961లో ఐడీపీఎల్ ఏర్పడింది. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాదులో సల్ఫా వంటి సింథటిక్ మందులు, మద్రాసులో సర్జరీ పరికరాలు. ఆయన 1971లో కన్నుమూశారు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఐడీపీఎల్ తర్వాత నష్టాల్లో పడి 1992లో ఖాయిలా పరిశ్రమ అయింది, బాలానగర్‌లో మందుల తయారీ ఆగిపోయింది. అలాగని సోఖే గారి శ్రమ వృథా అనలేం. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా ముందు అక్కడ పనిచేసినవారే. 1970 పేటెంటు చట్టం మన కంపెనీలకు దారి తెరిచింది. ఆ చట్టం 2005లో మళ్ళీ మారినా, అప్పటికి మనవాళ్ళ చేతికి పని వచ్చేసింది. ఈనాడు హైదరాబాదు మందులు ప్రపంచమంతా వెళ్తున్నాయి.

ఆయన అడిగిన రెండోది, ఊరికొక మనిషి, ఇంకా ఆలస్యమైంది. 1977లో వెయ్యిమందికొక ఆరోగ్య కార్యకర్త పథకం వచ్చి నిలవలేదు. 2005 తర్వాత ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే లెక్క, వెయ్యిమందికి ఒకరు. ఉపసంఘం చెప్పిన 65 ఏళ్ళకు!

ఇప్పుడు మా ఊళ్ళో ఆశా కార్యకర్త మా తమ్ముడి కోడలే. మొన్న ఊరెళ్ళినప్పుడు, ఏదమ్మా నీ సంచి చూపించు అని అడిగాను. ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసెటమాల్, ఐరన్ మాత్రలు. తీసి లెక్కపెట్టి చూపించింది. పాత కిట్ ఇన్‌స్పెక్షన్ గుర్తొచ్చింది. ఆ పెద్దాయన కూడా గుర్తొచ్చాడు.

సోదరులారా, మనలో చాలామంది రిటైరయ్యాక సొంత ఊళ్ళకే చేరతాం. మీ ఊరి ఆశా అమ్మాయి సంచిలో మందులున్నాయో లేదో ఒకసారి అడగండి. లేకపోతే పీహెచ్‌సీకి వెళ్ళి మర్యాదగా, గట్టిగా అడగండి. స్టోరు రిజిస్టరు చూడటం, ఇండెంటు రాయడం మనకు కొత్త కాదు. జనరల్ సోఖే గారు మనకు వదిలివెళ్ళిన డ్యూటీ ఇదేనని నేననుకుంటున్నాను.

జై హింద్.