నెల్లూరు డాక్టరు జెర్డన్, మన కలివికోడి

జంతుశాస్త్రం చదివే మనలో చాలామందికి ఆఫ్రికా అడవులంటే మహా మోజు. సెరెంగెటి మైదానంలో పరిశోధకులు జీపుల్లో సింహాల మందల వెంట నెలల తరబడి తిరుగుతారు. మీసాల మొదట్లో వుండే చుక్కల వరుసను బట్టి ఏ సింహం ఏదో గుర్తుపడతారు. మగసింహాలు జట్టుకట్టి ఒక మందను ఎట్లా స్వాధీనం చేసుకుంటాయో, ఆ జట్టు ఎన్నాళ్ళు నిలబడుతుందో లెక్క రాసిపెడతారు. ఇదంతా చదివినప్పుడు మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో ఏముందిలే, మేకలూ ముళ్ళకంపా తప్ప, అనిపించడం సహజమే. అయితే సుమారు 180 ఏళ్ళ కిందట నెల్లూరులో ఒక దొర డాక్టరుగా వుండేవాడు. ఆయనకు మాత్రం ఆ ముళ్ళకంపే పెద్ద గ్రంథాలయంగా కనిపించింది. ఆయన పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో పుట్టినాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు జేమ్సన్ అనే ఆచార్యుడి ప్రకృతిశాస్త్ర పాఠాలు విన్నాడు. ఆ పిచ్చి అక్కడే పట్టుకున్నట్టుంది. 1835లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంటు సర్జనుగా చేరి, మరుసటి ఏడు ఫిబ్రవరిలో మద్రాసులో ఓడ దిగినాడు. మొదట గంజాం, తర్వాత తిరుచినాపల్లిలో గుర్రపు దండు, ఆపైన జాల్నా. పోయిన చోటల్లా పిట్టల్ని పోగుచేయడమే పని. ఆ కాలంలో పిట్టను తెలుసుకోవడమంటే దాన్ని కాల్చి, తోలు వొలిచి, దాచిపెట్టడమే. ఇప్పుడు మనకది కటికతనంగా తోస్తుంది గానీ బైనాక్యులర్సూ కెమెరాలూ లేని రోజులవి.

అట్లా పోగుచేసిన తోళ్ళను పేర్లు తేల్చి పంపమని స్కాట్లండులోని జార్డిన్ అనే పెద్ద పండితుడికి పంపించినాడు. సముద్రం దాటి అవి చేరేసరికి పురుగు పట్టిపోయినాయి. ఇంకొకడైతే తల పట్టుకొని కూర్చునేవాడు. జెర్డన్ మాత్రం ఇక సీమ పండితుల కోసం కాచుకొని లాభంలేదని, తనకు తోచిన నిర్ణయాలతోనే 1839-40లో మద్రాసు పత్రికలో దక్షిణాది పక్షుల పట్టిక అచ్చువేయించినాడు. అందులో 420 రకాలున్నాయి. అంతకు ముందు సైక్సు అనే ఆయన తయారుచేసిన పట్టికకు ఇది దాదాపు రెట్టింపు. 1841లో నీలగిరిలో ఫ్లోరా అనే ఆమెను పెళ్ళిచేసుకున్నాడు. ఆమె ఆర్కిడ్ పూల బొమ్మలు వేసేది. మొగుడు పిట్టల వెంట, పెళ్ళాం పూల వెంట!

ఇక మన జిల్లా సంగతి. 1840ల నడుమ ఆయన నెల్లూరుకు సివిల్ సర్జనుగా వచ్చినాడు. వైద్యం చేసి జీతం తీసుకొని బంగళాలో కూర్చుంటే అడిగేవాడు లేడు. ఆయన కూర్చోలేదు. యానాదులతో స్నేహం చేసినాడు. నెల్లూరు సీమలో అడవి ఆనుపానులు వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మన తాతల్ని అడిగినా చెబుతారు. ఏ పుట్టలో ఏముందో, ఏ అరుపు దేనిదో, ఇసుకలో ఏ అడుగు ఎప్పటిదో వాళ్ళకు కొట్టిన పిండి. జెర్డన్ వాళ్ళ దగ్గర ప్రాణుల నడవడి నేర్చుకున్నాడు, పేర్లు రాసుకున్నాడు. ఆయన ఇంగ్లీషు పుస్తకాల్లో పిట్ట పిట్టకూ పక్కన తెలుగు పేరు కనబడేది అందుకే. దొర పుస్తకంలో మన పల్లెమాట అచ్చుగా కనబడితే నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ రోజుల్లోనే ఒక వింత పిట్ట ఆయనకు దొరికింది. నెల్లూరుకు పడమట కనుమల మీది కొండసీమ, కడప ప్రాంతం దాని వునికి అని రాసినాడు. అంటే మన వెలికొండలూ వాటికవతల నేలా అన్నమాట. తీతువుకు దూరపు చుట్టం. జానెడుకు కాస్త పైన పొడవు, పెద్ద పెద్ద కళ్ళు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. రాతి నేల, ఎగుడు దిగుడు, పల్చటి అడవి దానికి ఇష్టమని, చిన్న చిన్న గుంపులుగా తిరుగుతుందని గమనించినాడు. తెలుగు పేరు అడవి వుత్త తిత్తి అని రాసుకున్నాడు. వట్టి సంచి అని అర్థం. 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టినాడు. లోకమంతా దాన్ని జెర్డన్ కోర్సర్ అంటుంది. మన పక్క దాని పేరు కలివికోడి. కలివి పొదల మాటున తిరుగుతుంది కాబట్టి కలివికోడి. కలివి పండ్లు తినని పిల్లకాయలు మన వూళ్ళల్లో వుండరు గదా!

పిట్టలతో ఆగినాడా, లేదు. 1851లో దక్షిణాది చీమల మీద ఒక వ్యాసం రాసినాడు. అందులో ఆయన వివరించిన గెంతే చీమ ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. రాణి చచ్చిపోతే పనిచీమలు మీసాలతో ద్వంద్వయుద్ధం చేసుకుంటాయి. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అప్పుడు వాటి మెదడు చిన్నదవుతుంది, నెలల ఆయుష్షు కాస్తా ఏళ్ళకు పెరుగుతుంది. ముసలితనం రహస్యం తెలుసుకోడానికి అమెరికా ప్రయోగశాలల్లో దీన్నే పెంచుతున్నారు. 2010లో చీమల జాతిలో మొట్టమొదట జన్యుపటం తేల్చిన రెండింటిలో ఇదొకటి. మందు సీసాల నడుమ తీరిక చేసుకొని చీమను చూసిన డాక్టరుకు ఈ సంగతి ఎవరు చెప్పబోతారు!

తర్వాత తెల్లిచేరి, ఆపైన వుత్తరాదిన సాగర్. అప్పటికి గ్వాలియరు, సాగరు వైపు కూడా సింహాలు మిగిలివున్నాయి. ఆయన క్షీరదాల గ్రంథంలో ఆ ప్రస్తావన వుంది. ఇప్పుడు మన దేశంలో గుజరాతు గిర్ ప్రాంతం దాటితే అడవి సింహం లేదు. 1862 నుంచి 1864 దాకా ఆయన మహాగ్రంథం భారతదేశపు పక్షులు వెలువడింది. గవర్నరు జనరల్ కానింగ్ ఆ పనికోసమే ఆయన్ను ప్రత్యేకంగా నియమించినాడు. 1008 రకాల పక్షులు! 1867లో క్షీరదాల పుస్తకం. 1868లో వుద్యోగం విరమించినాడు. అస్సాం వైపు తిరుగుతూ గౌహతిలో జబ్బుపడి, 1870లో ఇంగ్లండు చేరి, 1872 జూన్ 12న కన్నుమూసినాడు.

కలివికోడి కథ మాత్రం అక్కడ ఆగలేదు. 1900లో అనంతపురం దగ్గర ఒకరికి కనిపించింది. అంతే. తర్వాత 86 ఏళ్ళు జాడ లేదు. ఇక లేదనే చాలామంది అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు పిట్ట బొమ్మలు అచ్చువేసి పల్లెల్లో చూపించినారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే ఒక వేటగాడు టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చినాడు. సొసైటీ తరఫున అక్కడ పనిచేస్తున్న భరత్ భూషణ్ దాన్ని కలివికోడిగా ధ్రువపరచినాడు. ఆ పట్టిన పిట్ట ఎక్కువ కాలం బతకలేదు గానీ జాతి వుందని తేలింది. చదువుకున్నవాళ్ళు పగలు వెదికినారు. అది రాత్రి తిరిగే పిట్ట. ఆ సంగతి వేటగాడికి తెలుసు. జెర్డన్ యానాదుల దగ్గరకు ఎందుకు పోయినాడో ఇక్కడ బాగా అర్థమవుతుంది.

తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరచి, తెల్లవారి అడుగుల గుర్తులు వెదికినారు. ఆఫ్రికాలో రేడియో పట్టీ చేసే పని ఇక్కడ మట్టి పట్టీ చేసింది! దాంతో తేలిందేమంటే, దానికి మరీ చిక్కటి కంపా పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. అక్కడక్కడ పొద, నడుమ ఖాళీ వుండాలి. మేకలు మితంగా మేసిన బీడు ఎట్లా వుంటుందో అట్లా.

ఇక్కడే వుంది చిక్కు. అదే నేల మా బోటి రైతులకు నిమ్మతోటగా, సేద్యపు చేనుగా కనబడుతుంది. 1988లో లంకమల్లను అభయారణ్యం చేసినారు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పని ఆ పిట్ట నివాసంలోకి వస్తే, అభ్యంతరాల మీద కాలువ దారి మార్చినారు. ఆ పథకం నీళ్ళే మన సోమశిలకూ వచ్చేది. పిట్ట కోసం కాలువ పక్కకు తిప్పుతారా అని మా నాయన నవ్వినాడు. తిప్పినా నీళ్ళు ఆగలేదు గదా అన్నాను. ఆయన ఆలోచించి, అయితే మంచిదే, కానీ బీడు వదులుకున్న రైతుకు ఎవరేమిస్తారని అడిగినాడు. ఆ ప్రశ్నకు నా పుస్తకాల్లో జవాబు లేదు. అడవిశాఖ వాళ్ళు జవాబు చెప్పకుండా బోర్డు మాత్రం పాతితే లాభంలేదని నా అభిప్రాయం.

2000 దశకం తర్వాత మళ్ళీ చాలా ఏళ్ళు అది ఎవరికీ దొరకలేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని అరుపు రికార్డు చేసినట్టు పిట్టల పరిశీలకులు ప్రకటించినారు. పొద్దుగూకినాక కాసేపు మాత్రమే, రెండు మాత్రల అరుపు, వెంట వెంటనే వినిపిస్తుందట. ఉదయగిరి కొండ కింద, దుర్గం చుట్టూ, ఆత్మకూరు పడమటి గుట్టల్లో కలివి పొదలింకా వున్నాయి. చలికాలం సెలవుల్లో మన జంతుశాస్త్ర విభాగం విద్యార్థులు నలుగురు, అడవి తెలిసిన యానాది పెద్దలు ఇద్దరు కలిసి, బండిబాట పక్కన జల్లించిన మన్ను పరచి, పొద్దుగూకే వేళ చెవులు రిక్కించి కూర్చోవచ్చు. ఖర్చల్లా బస్సు చార్జీలూ, సద్దిమూటలూ.