సర్ కట్టమంచి రామలింగారెడ్డి

మదనపల్లె మెట్టసీమ, పుంగనూరు జమీందారీ, తమిళ కన్నడ దేశముల నంటియున్న కుప్పము - ఇవి యన్నియు 1911వ సంవత్సరమున నేర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినవి. చిత్తూరు పట్టణమునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున 1880 డిసెంబరు 10వ తేదీన రామలింగారెడ్డిగారు జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు న్యాయవాది. తల్లి నారాయణమ్మగారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగనే వీరు 'ముసలమ్మ మరణము' అను కావ్యమును రచించిరి. చెరువుకట్ట తెగి ఊరు మునుగకుండుటకై ప్రాణమర్పించిన యొక పల్లెటూరి యిల్లాలి కథ యది. కావ్యములకు రాజులును దేవతలును నాయకులుగా నుండిన కాలమున కాపుకోడలిని నాయికగా గైకొనుట క్రొత్త త్రోవ. పిదప ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకేగి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, అచటి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షులైరి. వక్తృత్వమున వీరికి సాటివచ్చువారు అరుదు.

స్వదేశమునకు మరలి వచ్చి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగాను, అధ్యక్షులుగాను, తరువాత ఆ సంస్థానపు విద్యాశాఖకు పై యధికారిగాను పనిచేసిరి. ఆ కాలముననే 'కవిత్వతత్త్వ విచారము' అను విమర్శ గ్రంథమును వెలువరించిరి. కొలువు గొప్పదే యైనను దానిని విడిచి, రాజకీయములలో ప్రవేశించిరి.

1919వ సంవత్సరపు చట్టము ననుసరించి విద్య, వైద్యము, స్థానిక పరిపాలన వంటి కొన్ని శాఖలు మాత్రమే మంత్రుల వశమయ్యెను. ఖజానా, పోలీసు మొదలగునవి గవర్నరు చేతిలోనే యుండెను. ఆస్తి గలవారికే గాని సామాన్యులకు ఓటు లేదు. అట్టి దినములలో రామలింగారెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో సభ్యులైరి. మొదట వారు జస్టిస్ పార్టీలో నుండిరి. బ్రాహ్మణేతరుల విద్యకును ఉద్యోగములకును పాటుపడుటయే ఆ పక్షము ఆశయము. ప్రథమమంత్రి పానగల్లు రాజాగారును కాళహస్తికి చెందినవారే. అనగా నిరువురు నొక్క జిల్లావారు. అయినను మంత్రివర్గపు నడత రెడ్డిగారికి నచ్చలేదు. స్వపక్షమని సహించి యూరకుండక, వారు బయటికి వచ్చి, 1923 నవంబరులో మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. అనుకూలముగా 44, ప్రతికూలముగా 65 ఓట్లు వచ్చెను. తీర్మానము వీగిపోయినది. కాని శాసనసభలో మంత్రులను నిలదీసి లెక్కయడుగవచ్చునను విషయము ఆనాడు మద్రాసు రాష్ట్రమునకు తెలియవచ్చెను.

1926వ సంవత్సరమున ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో నెలకొల్పబడగా, రామలింగారెడ్డిగారు దానికి మొదటి ఉపాధ్యక్షులైరి. భవనములు లేవు, ధనము చాలదు, కేంద్రస్థానమెక్కడ నుండవలెనను వివాదము వేరొకటి. తుదకు విశాఖపట్టణము నిశ్చయమయ్యెను. ఇంతలో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. సత్యాగ్రహులపై ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా రెడ్డిగారు 1930లో రాజీనామా యిచ్చిరి. తాము నాటిన మొక్క చిగురించు సమయమున దానిని వీడుట సులభము కాదు. అయినను అంతరాత్మకు లోబడిరి.

1936లో మరల వారే ఉపాధ్యక్షులై 1949 వరకు ఆ భారమును వహించిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున 1942లో విశాఖపై బాంబులు పడగా విశ్వవిద్యాలయమును గుంటూరునకు తరలింపవలసి వచ్చెను. ఆ కష్టదశలోను చదువులు ఆగలేదు. ఆ సంవత్సరమే ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసంగెను. ఒకనాడు ప్రభుత్వమును నిరసించి పదవిని వీడినవారు మరియొకనాడు అదే ప్రభుత్వపు బిరుదమును గైకొనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని వారు ఏ పక్షమునకును పూర్తిగా లొంగిన వారు కారు.

రెడ్డిగారు వివాహమాడలేదు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. పదవులు వారిని వెదకుకొని వచ్చెను. అవసరమైనపుడు వానిని వదలుకొనుటకు వారు వెనుదీయలేదు. పదవిని పొందుట యెట్లో పెక్కుమందికి తెలియును. దానిని ఎప్పుడు విడువవలెనో తెలిసికొనుట కష్టము. రామలింగారెడ్డిగారి జీవితమునుండి బాలురు నేర్వదగిన పాఠమిదియే.