మీనశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే

కృష్ణాతీరమున పుట్టి పెరిగినవారికి బొచ్చె, కొరమేను, వాలుగ, పులస అనునవి క్రొత్త పేళ్లు కావు. జాలరుల నోట వినవచ్చు ఇట్టి పేళ్లను సేకరించి, శాస్త్రనామముల సరసన నిలిపిన పండితులలో అగ్రగణ్యుడు తెనుగువాడు కాడు. సేనలో వైద్యుడుగా ఈ దేశమునకు వచ్చిన ఆంగ్లేయుడు. ఆయనయే ఫ్రాన్సిస్ డే. ఆయనకు పూర్వము పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను గూర్చి 1803లో గ్రంథము ప్రకటించియుండెను. ఆ త్రోవను రాజమార్గముగా చేసినవాడు డే.

ఆయన 1829 మార్చి 2వ తేదీన ఇంగ్లండులో ససెక్సు మండలమందలి మేర్స్‌ఫీల్డున జన్మించెను. లండనులో వైద్యవిద్య ముగించి, 1852లో మద్రాసు సైన్యమున సహాయవైద్యుడుగా చేరెను. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పని ఆరంభమైనదియు ఆ యేడే. బర్మాయుద్ధమున పనిచేసి, పిమ్మట కొచ్చినులో నుండగా ఆ సీమను గూర్చి 1863లో ఒక గ్రంథమును, మలబారు మత్స్యములను గూర్చి 1865లో మరియొక గ్రంథమును వెలువరించెను. నీలగిరి సెలయేళ్లలో ట్రౌటు చేపలను పెంచదలచి చేసిన యత్నము విఫలమైనను, ఆయన ఉత్సాహము తగ్గలేదు.

ఆ దినములలో ఆనకట్టలు తెనుగునేలకు అన్నము పెట్టుచుండెను. 1833 నాటి డొక్కల కరవును చవిచూచిన గుంటూరు సీమకు, 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట ప్రాణదానమే. కాని నదికి అడ్డముగా గోడ లేచినపుడు ఆ నీటి ప్రాణుల గతి యేమి? గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి యేటి కెదురీదు పులసకు త్రోవ యేది? ఈ ప్రశ్నను 1867లో ప్రభుత్వము దృష్టికి తెచ్చినవాడు, ఆనకట్టల నిర్మాతయైన ఆర్థర్ కాటనే యగుట గమనింపదగినది. ఈ విచారణ డే పాలబడెను. 1871లో ఆయన భారతదేశమున మత్స్యవ్యవహారములకు ఇన్‌స్పెక్టర్ జనరలుగా నియుక్తుడయ్యెను.

డే కలెక్టర్లకును తహశీల్దార్లకును ప్రశ్నలు పంపి, వారి యుత్తరములను క్రోడీకరించి, 1873లో మంచినీటి చేపలను గూర్చి పెద్ద నివేదికను వెలువరించెను. ఆనకట్టలు వలదని ఆయన యనలేదు. చేపలు దాటుటకు వానిలో దారులు విడువవలెనని కోరెను. సన్నకన్నుల వలలతో చేపపిల్లలను పట్టుటను, నీటిలో విషము కలిపి చేపలను చంపుటను మాన్పవలెనని పట్టుపట్టెను. విషమునకు పెద్దచేప, చిన్నపిల్ల అను భేదము లేదు. ఒకనాటి కూరకై మరునాటి సంతతి యంతయు నశించును. చట్టము చేసినచో బీదజాలరి నోటికూడు తీసినట్లగునని వాదించిన అధికారులును లేకపోలేదు. తుదకు 1897లో భారత మత్స్యచట్టము నీటిలో విషము కలుపుటను, ప్రేలుడు పదార్థములతో చేపలను చంపుటను నేరములుగా చేసెను. అప్పటికి డే జీవించి లేడు.

ఆయన కీర్తికి మూలస్తంభము 1875 - 1878 సంవత్సరముల నడుమ వెలువడిన భారతీయ మత్స్యముల గ్రంథము. అందలి పటములలో పెక్కింటికి మూలచిత్రములు ఆయన చేతివే. బ్రిటిష్ మ్యూజియమునందలి గుంథర్ పండితునితో వైరము పెరుగగా, తన సేకరణలో ముఖ్యభాగమును 1883లో ఆస్ట్రేలియా మ్యూజియమునకు విక్రయించెను. 1418 జాతులను వర్ణించిన రెండు సంపుటములు 1889లో వెలువడెను. ఆ యేడే జూలై 10వ తేదీన చెల్టెన్‌హాములో ఆయన కన్నుమూసెను.

డే యెరుగని విషములు పిమ్మట వచ్చినవి. పట్టణముల మురుగు, కర్మాగారముల మలినము, వరిపొలముల పురుగుమందులు బుడమేరు, తమ్మిలేరుల వెంటను, కాలువల వెంటను కొల్లేటికి చేరినవి. 1988లో ఈశాన్య భారతమున కనబడిన పుండ్ల తెగులు కొద్ది యేండ్లలో ఆంధ్రదేశపు నీళ్లకును ప్రాకి, కొరమేనుల మేనిని తొలిచివేసెను. దానికి మూలము అఫనోమైసిస్ అను బూజువంటి జీవి. నీరు చల్లబడి, దాని గుణము చెడి, చేప చర్మము దెబ్బతినినపుడు అది లోనికి చొచ్చును. అమెరికాలో ఓహాయో రాష్ట్రపు బ్లాక్ నదిలోనైతే, కోకు కర్మాగారపు మలినమువలన జెల్లజాతి చేపల కాలేయములలో కంతులే పుట్టినవి. 1983లో ఆ కర్మాగారము మూతబడిన నాలుగేండ్లకు ఆ రోగము చాలవరకు తగ్గెను. నీటిని చెరుపుట మానినచో చేప కోలుకొనునని దీనివలన తేలినది.

రోగమును గుర్తించుటకు ముందు ఆరోగ్యము తెలిసియుండవలెను. చేపకు పొలుసులెన్ని, రెక్కల ముండ్లెన్ని, రంగు ఎట్టిది, ఏ నీట దాని యునికి అని డే లెక్కించి వ్రాసిపెట్టెను. నేడు కొల్లేటి వలలో పుండుపడిన చేపను చూచు విద్యార్థి, ఆ చేప ఎట్లుండవలసినదో తెలిసికొనుటకు ఆయన గీసిన పటమును తెరువవచ్చును.