ఆంటోనీ దేనారము

ద్రాక్షతోట పనివారు దినమంతటికీ కూలిగా ఒప్పుకొన్న దేనారము మన సంఘాలలో అందరికీ తెలిసిన నాణెమే. కైసరుకు పన్నియ్యవచ్చునా అని ప్రభువును శోధించినవారు తెచ్చి చూపినదీ దేనారమే. ఆ మాటకు ఇంచుమించు 60 ఏళ్ళ ముందు, క్రీ.పూ. 32-31లో, గ్రీసులో తన సైన్యానికి జీతాలివ్వడానికి మార్క్ ఆంటోనీ లెక్కలేనన్ని వెండి దేనారములు ముద్రింపించాడు. ఇప్పటి రూపాయి బిళ్ళకంటే కాస్త చిన్నవి. వాటిమీద అతని ముఖం లేదు. ఒకవైపు యుద్ధపు ఓడ, రెండోవైపు రెండు ధ్వజాల నడుమ లెజియను గుర్తయిన పక్షిరాజు, కింద ఆ లెజియను సంఖ్య.

క్రీ.పూ. 83లో పుట్టిన ఆంటోనీ చిన్ననాటే తండ్రిని పోగొట్టుకున్నాడు. యౌవనమంతా తాగుడు, అప్పులు. కత్తి పట్టాక మాత్రం మనిషి మారాడు. జూలియస్ కైసరుకు కుడిభుజమై గాలులో, ఫర్సాలులో పోరాడాడు. క్రీ.పూ. 44లో కైసరు హత్య తరువాత ఆక్టేవియన్, లెపిడస్‌లతో కలిసి అధికారం పంచుకున్నాడు. ఆ ముగ్గురూ చంపవలసినవారి పేర్లు రాసి జాబితాలు ప్రకటించారు. ఆంటోనీని సభలో ఎండగట్టిన సిసిరో పేరు అందులో ఉంది. అతని తలను, చేతులను రోములో ఉపన్యాస వేదిక మీద వేలాడదీశారు. ఎంతటి వీరుడైనా ఈ మరక అతని పేరుమీదనుంచి పోదు.

అక్కడినుంచి అతని అడుగుజాడలు మనం ఎరిగిన ఊళ్ళలోనే పడతాయి. క్రీ.పూ. 42లో కైసరు హంతకులను ఓడించింది ఫిలిప్పీలో. ముసలి సైనికులకు అక్కడే భూములిచ్చి స్థిరపరిచాడు. లూదియ సువార్త విన్న ఫిలిప్పీ రోమీయుల పట్టణంగా మారింది అలాగే. మరుసటి ఏడు క్లియోపాత్రా అతన్ని కలవడానికి పడవలో వచ్చింది పౌలు పుట్టిన ఊరు తార్సుకు. క్రీ.పూ. 40లో పార్తీయులకు భయపడి రోముకు పారిపోయి వచ్చిన హేరోదుకు యూదయ రాజ్యం ఇప్పించిందీ ఆంటోనీయే. ఆ కృతజ్ఞతతో హేరోదు యెరూషలేము దేవాలయం పక్కనున్న కోటకు ఆంటోనియా అని పేరు పెట్టాడు. అల్లరిమూకలోనుంచి పౌలును సైనికులు మోసుకొనిపోయిన కోట అదే.

సినిమాల పుణ్యమా అని ఆంటోనీ అంటే క్లియోపాత్రా ఒక్కతే గుర్తుకొస్తుంది. మాకు మాత్రం అతని సైనికులు గుర్తుకొస్తారు. క్రీ.పూ. 36లో పార్తీయుల మీదికి వెళ్ళి ఓడిపోయి, చలిలో, ఆకలితో 27 రోజులు వెనక్కి నడిచారు. దారిలో 18 పోరాటాలు. పోయినవారు 24 వేలమంది అని ప్లూటార్క్ రాశాడు. ఆంటోనీ గాయపడినవారి గుడారాలకు వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకొనేవాడు. వాళ్ళే అతని చేయి పట్టుకొని, మా సంగతి వదిలి నిన్ను నువ్వు చూసుకో అని ఓదార్చేవారట. రోమా సేనాపతులలో ఇంత ప్రేమ సంపాదించినవారు అరుదు.

నాలుగేళ్ళు తిరగకముందే ఆక్టేవియన్‌తో చెడింది. అతని అక్క ఒక్తావియా ఆంటోనీకి భార్య. ఆమెను విడిచిపెట్టాడు. రోమీయులు రోమీయులతో పోరాడే రోజు మళ్ళీ వచ్చింది. క్రీ.పూ. 31లో యాక్టియం వద్ద ఆంటోనీ సైన్యం శత్రువుల మధ్య చిక్కుకొని జ్వరాలతో, తిండిలేక నెలల తరబడి పడి ఉంది. అప్పుడే సముద్రం మీద పోరాడాలని నిర్ణయించాడు. ఒళ్ళంతా గాయపు మచ్చలున్న ఒక ముసలి శతాధిపతి అతని ఎదుటికి వచ్చాడట. ఈ కొయ్యపలకలను నమ్ముకుంటావేమయ్యా, మాకు నేల చూపించు, గెలుస్తాం లేదా చస్తాం అన్నాడు. ఆంటోనీ మాట్లాడలేదు. ధైర్యంగా ఉండమన్నట్టు చేయి ఊపి ముందుకు సాగిపోయాడు. ఓడలలో తెరచాపలు ఎక్కించమని అప్పటికే ఆజ్ఞ ఇచ్చి ఉన్నాడు. పోరాటానికి తెరచాపలు అక్కరలేదు, దూరం పోవడానికే కావాలి.

సెప్టెంబరు 2న యుద్ధం ఇంకా తేలకముందే క్లియోపాత్రా ఓడలు ఐగుప్తువైపు మళ్ళాయి. ఆంటోనీ ఆమె వెంట వెళ్ళిపోయాడు. ఓడ ముందుభాగంలో తల పట్టుకొని మూడు రోజులు ఒంటరిగా కూర్చున్నాడట. ఒడ్డున 19 లెజియన్లు నిలిచి ఉన్నాయి. తమ సేనాపతి పారిపోయాడంటే వాళ్ళు నమ్మలేదు. ఏదో ఒక వైపునుంచి వస్తాడని ఏడు రోజులు ఎదురుచూశారు, ఆక్టేవియన్ పంపిన రాయబారాన్ని తిప్పికొట్టారు. ఏడో రోజు దాటాక, వాళ్ళమీద అధికారిగా ఉన్న కనీడియస్ కూడా రాత్రివేళ గుడారం విడిచి పారిపోయాడు. అప్పుడు లొంగిపోయారు.

మరుసటి ఏడు ఆగస్టు 1న అలెక్సంద్రియలో ఆంటోనీ తన కత్తితోనే ప్రాణం తీసుకున్నాడు. వయస్సు 53. యాక్టియం పక్కన ఆక్టేవియన్ విజయనగరమని అర్థం వచ్చేలా నికొపొలి కట్టించాడు. పౌలు చలికాలం గడపాలనుకొని తీతును రమ్మన్నది అక్కడికే. ఆక్టేవియన్ కైసరు ఔగుస్తు అయ్యాడు.

ఆ దేనారములు మాత్రం మిగిలాయి. ఆంటోనీ వాటిలో వెండి తగ్గించి రాగి కలిపించాడు. మేలైన వెండి నాణేలను జనం దాచుకొన్నారు, కరగబోశారు. ఆంటోనీవి కరిగిస్తే లాభం లేదు కాబట్టి చేతులు మారుతూనే వచ్చాయి. దూరాన ఉన్న బ్రిటన్‌లో సైతం, రెండు శతాబ్దాల తరువాత పాతిపెట్టిన నిధులలో అవి దొరుకుతున్నాయి. చాలావాటిమీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయి, ఒకవైపు ఓడ, మరోవైపు పక్షిరాజు లీలగా కనబడతాయి.