గుంటూరు డాక్టరమ్మ

మన ప్రాంతమున మహనీయుల చరిత్రలు వ్రాయువారు కవులను, దేశనాయకులను, దాతలను తలచుకొందురు. రోగి మంచము ప్రక్కన నిలిచి బ్రతుకు గడపినవారిని తలచుట అరుదు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి యనిన తెలియనివారు లేరు. ఆ కుగ్లర్ ఎవరు, ఏ దేశమునుండి వచ్చెను, ఏమి కోరి 46 ఏండ్లకు పైగా ఈ యెండలకు ఓర్చుకొనెను అని అడిగినచో చెప్పగలవారు కొలదిమంది.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించెను. స్త్రీ వైద్యము చదువుట ఆ దేశమున కూడ అప్పటికి వింతయే. ఫిలడెల్ఫియాలో స్త్రీలకొరకే నెలకొల్పబడిన వైద్యకళాశాలలో చదివి 1879లో ఆమె పట్టము పొందెను. పిమ్మట నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో, స్త్రీల విభాగమున, సహాయవైద్యురాలిగా చేరెను. ఆ విభాగమునకు అధిపతి ఆలిస్ బెన్నెట్ అను వైద్యురాలు. మతి చలించినవారిని గొలుసులతోను, చేతులు కదలనీయని బిగుతు చొక్కాలతోను బంధించుట చికిత్సలో భాగమేయని తలచెడి కాలమది. బెన్నెట్ ఆ బంధనములను మాన్పించి, రోగులకు సంగీతము, చిత్రలేఖనము, చేతిపనులు కల్పించెను. కుగ్లర్ జీవితచరిత్ర చెప్పువారు ఈ ఘట్టమును ఒక వాక్యముతో దాటింతురు. నాకు మాత్రము ఆమె తరువాతి జీవితమునకంతటికి మూలము ఇచ్చటనే కలదని తోచును. తన బాధను తాను చెప్పుకొనలేని మనిషికి మరియొకరు నోరు కావలసియుండునని ఆమె అచ్చట కన్నులార చూచెను.

గుంటూరునకు, అమెరికా లూథరన్ సంఘమునకు సంబంధము 1842లో హేయర్ పాదిరి వచ్చినది మొదలు కలదు. ఆ హేయరును నడివయస్సు దాటిన పిమ్మట వైద్యము చదివినవాడే. అయినను ఇచ్చటి స్త్రీలకు ఒక వైద్యురాలిని పంపవలెనను తలంపు ఆ సంఘమునకు చాలకాలము కలుగలేదు. 1882లో గుంటూరున పనిచేయుచున్న రో అను పాదిరి, వైద్యము లేక ఇచ్చటి స్త్రీలు పడుచున్న బాధలు తెలుపుచు కుగ్లర్‌కు ఉత్తరము వ్రాసెను. ఆమె వచ్చుటకు సిద్ధపడెను. కాని సంఘమునకు చెందిన స్త్రీల సమితివారు, వైద్యశాఖను ప్రారంభించుటకు తమకింకను సమయము రాలేదని చెప్పి, ఘోషా స్త్రీలకు చదువు చెప్పు పనికి మాత్రము ఆమెను నియమించిరి. ఇట్టిచోట అభిమానపడి మానుకొనువారే యెక్కువ. కుగ్లర్ ఆ బోధకపదవినే స్వీకరించి, వైద్యపరికరములకు, మందులకు వేరుగా సొమ్ము కూర్చుకొని, 1883 ఆగష్టు 25న ఓడ యెక్కెను. నవంబరు 29న గుంటూరు చేరెను.

అప్పటికి గుంటూరు కృష్ణాజిల్లాలో చేరియుండెను. రైలింకను రాలేదు. చెన్నపట్నపు వైద్యకళాశాలలో స్త్రీలను చేర్చుకొనుట 1875లోనే మొదలైనను, దాని ఫలము ఇంతదూరము రాలేదు. కలవారి యిండ్లలో స్త్రీకి జబ్బు చేసినచో పురుషవైద్యుడు తెర వెలుపలనే కూర్చుండవలెను. భర్తయో అత్తయో లక్షణములు చెప్పుదురు. నొప్పి ఎచ్చట కలదో, ఎన్ని దినములనుండి కలదో ఆమె నోట వినుటకు వీలు లేదు. ఆమె శరీరమునకు వచ్చిన వ్యాధి ఇతరుల మాటలలో వైద్యునికి చేరుచుండెను. చెప్పుటకు సిగ్గుపడవలసిన వ్యాధియైనచో చేరకయే యుండెను.

చదువు చెప్పవచ్చిన దొరసాని మందులపెట్టె తెరచునప్పటికి పని దానంతట అదియే పెరిగెను. మొదటి సంవత్సరమున ఇండ్లకు పోయి ఆమె చూచిన రోగులు 276 మంది. నివాసమునకు వచ్చినవారు 185 మంది. లోపలి గదులకు పోవుట పురుషులకు లేని అవకాశమే గాని, అది గౌరవముతో కూడిన అవకాశము కాదు. ఆచారవంతుల దృష్టిలో ఆమె స్పర్శ మైలయే. దానిని గూర్చి వాదమునకు దిగక ఆమె పని చేసికొని పోయెను. 1885 డిసెంబరులో గాని సంఘమువారు ఆమెను వైద్యురాలిగా నియమింపలేదు. రెండేండ్లు ఆమె చేసిన వైద్యము అనుమతి లేని వైద్యమే యనవచ్చును!

ఇండ్లకు తిరిగి వైద్యము చేయుటలో నొక చిక్కు కలదు. డాక్టరు వచ్చి గడియసేపు చూచి, మందిచ్చి పోవును. మిగిలిన పగలును, రాత్రియు రోగి ఎవరి చేతిలో నుండును? మందు పోయబడినదో పారబోయబడినదో ఎవరు చూతురు? పురిటిగది తలుపులు మూసి, కుంపటి పెట్టి, బాలింతకు దాహమునకు నీరు కొలిచి పోసెడి కాలము. మంత్రసాని చేతి నైపుణ్యము నేను కాదనను; తరతరములుగా ఆమెయే మన తల్లులను కాచినది. కాని బొడ్డు కోసిన కత్తి శుభ్రము కాకున్నచో పసికందుకు ధనుర్వాతము వచ్చుననునది ఆమెకు చెప్పినవారు లేరు. కావున రోగిని తన కంటిక్రింద నుంచుకొనుటకు ఒక చోటును, తన కన్ను మూతపడినప్పుడు మేల్కొనియుండుటకు కొందరు మనుషులును కుగ్లర్‌కు కావలసివచ్చెను. మొదటిది ఆసుపత్రి, రెండవది నర్సులు.

1889లో స్వదేశమునకు సెలవుపై పోయి వచ్చిన తరువాత ఈ ప్రయత్నము వేగము పుంజుకొనెను. 18 ఎకరముల స్థలము సంపాదింపబడెను. 1893లో మందుల యిచ్చు శాలయు, 1898 జూన్ 23న 50 పడకల ఆసుపత్రియు తెరువబడెను. కట్టడముల సంగతి అందరును చెప్పుదురు. అమెరికానుండి వచ్చిన కేథరిన్ ఫాస్ అను శిక్షణ పొందిన నర్సు సంగతి చెప్పువారు తక్కువ. గుంటూరు ఆసుపత్రిలో పరిచర్యను ఒక క్రమమునకు తెచ్చి, తెలుగు బాలికలకు ఆ విద్య నేర్పినవారిలో ఆమె ముఖ్యురాలు.

ఇంగ్లండున ఫ్లారెన్సు నైటింగేల్ నర్సుల పాఠశాల స్థాపించినది 1860లో. ఆసుపత్రి యనునది రోగికి మేలు చేయుటకంటె ముందు కీడు చేయకుండవలెనని ఆమె గ్రంథము వ్రాసి నొక్కి చెప్పెను. క్రిమియా యుద్ధమున గాయములకంటె మురికివలన, అంటువ్యాధులవలన చనిపోయిన సైనికులే యెక్కువయని లెక్కలు కట్టి చూపినదియు ఆమెయే. చెన్నపట్నపు పెద్దాసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ ఆరంభమైనది. ఆ విద్య తెలుగుపల్లెల పిల్లలకు అందిన తావులలో గుంటూరు ఒకటి.

ఆ విద్య యెట్టిది? చూచుటకు అల్పముగా కనబడు పనుల సముదాయము. చేతులు కడుగుకొనుట, పరికరములు మరగించుట, నాడి చూచి వ్రాసియుంచుట, జ్వరము కొలుచుట, సీసాపై పేరు మరల చదువుట, బాలింతకు రక్తస్రావము మితిమీరుచున్నదేమో గంటగంటకు కనిపెట్టుట. వీటన్నిటికంటె కష్టమైన పని మరియొకటి కలదు. రోగి మొగము మారినదని తనకు తోచినప్పుడు, అర్ధరాత్రియైనను, తనకంటె పెద్ద చదువు చదివినవారిని లేపి చెప్పుట. మన సంసారములలో కోడలు అత్తకు ఎదురు చెప్పుటయే తప్పైన దినములలో, పదునెనిమిదేండ్ల పిల్ల డాక్టరుకు ఎదుట నిలిచి రోగి పక్షమున మాటాడుట సామాన్యమైన సంగతి కాదు.

ఆ పిల్లలు ఎవరు? ఈ జిల్లాలో లూథరన్ సంఘమున చేరినవారిలో మాల మాదిగ కుటుంబములవారే యధికులు. నర్సు చదువునకు వచ్చినవారును పెక్కుమంది ఆ యిండ్ల పిల్లలే. ఊరి బావిలో చేద వేయరానిదని గెంటబడిన చేయి, ఆసుపత్రిలో ఆచారవంతురాలి నాడిపై నుండెను. ఆ చేయి చెప్పిన మాట డాక్టరు వినెను. సంఘసంస్కరణమును గూర్చి మనము వ్రాసికొన్న గ్రంథములలో ఈ దృశ్యమునకు చోటు దొరకకపోవుట నాకు ఆశ్చర్యము. పైగా నర్సు వృత్తి కులీనలకు తగదను మాట మన సంఘమున చాలకాలము నిలిచినది. మదరాసు రాష్ట్రమున నర్సుల పేర్లు నమోదు చేయు చట్టము 1926లో వచ్చినది. అంతకు ఎంతో ముందే వారి చేతులలో బ్రతికి ఇల్లు చేరిన తల్లులు వేలకొలది యుందురు.

ఏలూరు రాజా భుజంగరావు బహదూరు సాహిత్యలోకమునకు మంజువాణి పత్రికద్వారమున పరిచితుడు. తన భార్యకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞుడై ఆయన ఆసుపత్రికి వచ్చు హిందూరోగుల బంధువులకు వసతిగృహము కట్టించెను. దీనిని కేవలము దానమని తలపరాదు. రోగిని ఒంటరిగా విడువని కుటుంబములు, వేరొకరు వండినది తినని కుటుంబములు ఆ వసతి యున్నందుననే రోగిని అచ్చటకు తెచ్చుటకు ధైర్యము చేసెడివి.

కుగ్లర్ క్రైస్తవ ప్రచారమునకు వచ్చినదే. ఆ సంగతి ఆమె యెన్నడును దాచలేదు. ఆ ప్రచారమును గూర్చి ఎవరి యభిప్రాయము వారికుండవచ్చును. మతము మారకయే ఆమెయందు విశ్వాసముంచిన కుటుంబములు ఈ నేలపై ఎన్నో కలవనుట మాత్రము వాస్తవము.

ఈ ఆసుపత్రి శాఖలు రెంటచింతలకు, మన చీరాలకు ప్రాకినవి. చీరాల యనగానే దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, 1921లో ఊరు విడిచి రామనగరున పాకలు వేసికొన్న జనము స్ఫురింతురు. అది స్ఫురింపవలసినదే. కాని కుగ్లర్‌కు తోడుగా గుంటూరు వచ్చిన డాక్టరు మేరీ బేర్, చీరాల స్త్రీలకు, శిశువులకు చేసిన సేవయు ఈ యూరి చరిత్రలోనిదే. మగ్గము గుంటలో కాళ్లు పెట్టి పగలెల్ల కూర్చుండు ఇండ్ల స్త్రీలకు, నెలలు నిండిన తరువాత గుంటూరు ప్రయాణము తప్పినది. బండిమీద పోవుచు దారిలో ప్రసవించు గండమును తప్పినది.

ప్రభుత్వమువారు 1905లో కైసర్-ఇ-హింద్ పతకమును, 1917లో మరల అదే గౌరవమును కుగ్లర్‌కు ఇచ్చిరి. 1928లో ఆమె గుంటూరు ఆసుపత్రి చరిత్రను గ్రంథముగా వెలువరించెను. 1930 జూలై 26న, 74వ యేట, గుంటూరులోనే కన్నుమూసెను. ఆసుపత్రికి ఆమె పేరు పెట్టబడెను. అప్పటికి అచ్చట రాత్రి పనికి పోవు నర్సులలో, కుగ్లర్ గుంటూరు చేరిన నాటికి పుట్టనైన పుట్టనివారే హెచ్చు.