వాల్ట్ డిస్నీ: చేజారిన కుందేలు, చేతికందిన రీళ్ళు

వాల్ట్ డిస్నీ పేరు విననివారు మన కుటుంబాల్లో ఉండరు. మిక్కీ మౌస్ బొమ్మ చూపిస్తే మాటలు రాని మనవడు కూడా గుర్తుపడతాడు. అయితే మిక్కీ కంటే ముందు డిస్నీ గారు ఒక కుందేలు బొమ్మతో పేరు తెచ్చుకున్నారనీ, ఆ కుందేలు ఆయన చేజారిపోయిందనీ, దాని చిత్రాల్లో కొన్ని ఎన్నో ఏళ్ళ తర్వాత ఊహించని చోట్ల బయటపడ్డాయనీ తెలిసినవారు తక్కువ. ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు ఈయనే గుర్తుకు వచ్చారు. ఉద్యోగరీత్యా పల్లెపల్లెకూ తిరిగి 16 ఎం.ఎం. ప్రొజెక్టరు నడిపినవాణ్ణి. పాత కార్టూను రీళ్ళు పోగుచేసే అలవాటు అప్పుడు పట్టుకున్నదే.

డిస్నీ 1901 డిసెంబరు 5న అమెరికాలోని చికాగో నగరంలో జన్మించారు. ఐదుగురు సంతానంలో నాలుగోవారు. 1906లో ఆ కుటుంబం మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊరికి చేరి వ్యవసాయం చేసింది. పశువులూ కోళ్ళూ చెట్లూ చూస్తూ బొమ్మలు వేయడం ఆ పిల్లవాడికి అక్కడే అలవడింది. 1911లో కాన్సాస్ సిటీకి మారాక తండ్రి ఇలయాస్ దినపత్రికల పంపిణీ పని తీసుకున్నారు. వాల్ట్, అన్న రాయ్ తెల్లవారకముందే లేచి, మంచులో నడిచి ఇంటింటికీ పత్రికలు వేసి, ఆ తర్వాత బడికి వెళ్ళేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వయసు చాలకపోయినా, ఎక్కువ వేసి చూపి రెడ్ క్రాస్‌లో చేరారు. ఫ్రాన్స్ చేరేసరికి యుద్ధం ముగిసింది. అక్కడ కొంతకాలం అంబులెన్సు నడిపి తిరిగి వచ్చారు.

1919లో కాన్సాస్ సిటీలో ఒక వ్యాపార చిత్రాల సంస్థలో పనిచేస్తుండగా అబ్ ఐవర్క్స్ పరిచయమయ్యారు. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఐవర్క్స్ చేతివేగం అసాధారణం. 1922లో డిస్నీ లాఫ్-ఓ-గ్రామ్ అనే కంపెనీ పెట్టారు. మరుసటి ఏడే అది దివాలా తీసింది. ఉన్న కొద్ది సొమ్ముతో హాలీవుడ్ రైలెక్కారు. క్షయవ్యాధి నుంచి కోలుకుంటున్న అన్న రాయ్ తోడు రాగా, 1923 అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ కలిసి స్టూడియో ప్రారంభించారు. నిజమైన ఒక పాప బొమ్మల లోకంలో తిరిగే ఆలిస్ చిత్రాలు వారి తొలి సరుకు.

1927లో యూనివర్సల్ సంస్థకు కొత్త కార్టూను పాత్ర కావలసి వచ్చింది. డిస్నీ, ఐవర్క్స్ కలిసి పొడుగు చెవుల నల్ల కుందేలును సృష్టించారు. దాని పేరు ఆస్వాల్డ్. తొలి చిత్రం ‘ట్రాలీ ట్రబుల్స్’ ఆ ఏడు సెప్టెంబరులో విడుదలై జనానికి నచ్చింది. మధ్యవర్తి చార్లెస్ మింట్జ్ ఒక్కో చిత్రానికి 2,250 డాలర్లు చెల్లించేవారు. 1928 ఫిబ్రవరిలో డిస్నీ భార్య లిలియన్‌తో కలిసి న్యూయార్క్ వెళ్ళి 2,500 అడిగారు. మింట్జ్ 1,800కు మించి ఇవ్వనన్నారు. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒప్పందం ప్రకారం ఆస్వాల్డ్ హక్కులు యూనివర్సల్‌వి. పైగా డిస్నీ దగ్గర బొమ్మలు వేసే పనివారిలో ఎక్కువమందిని మింట్జ్ ముందే తనవైపు తిప్పుకున్నారు. ఐవర్క్స్ వంటి కొద్దిమంది మాత్రం నిలిచారు.

మనం ముప్పై ఏళ్ళు రాసిన రిజిస్టర్లూ నడిపిన ఫైళ్ళూ పదవీ విరమణ నాడు ఆఫీసులోనే వదిలి వచ్చాం. అవి మనవి కావని మొదటి రోజు నుంచీ తెలుసు కాబట్టి బాధ కలగలేదు. ఇరవై ఆరేళ్ళ డిస్నీకి మాత్రం తాను పుట్టించిన బొమ్మ తనది కాదని తెలిసింది ఆ రోజునే. ఆయన చేసిన ఆస్వాల్డ్ చిత్రాలు 26. అన్నీ వదులుకుని వట్టి చేతులతో తిరుగు రైలెక్కారు.

ఒప్పందంలో మిగిలిన ఆస్వాల్డ్ చిత్రాలు పూర్తిచేస్తూనే, పక్కగదిలో ఐవర్క్స్ చేత రహస్యంగా ఒక ఎలుక బొమ్మ గీయించారు. అదే మిక్కీ. 1928 నవంబరు 18న న్యూయార్క్‌లో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ శబ్దంతో సహా విడుదలై సంచలనం రేపింది. ఈసారి హక్కులు డిస్నీ తన చేతిలోనే ఉంచుకున్నారు. 1937లో ‘స్నో వైట్’ పూర్తి నిడివి చిత్రం తీశారు. 1955లో డిస్నీల్యాండ్ తెరిచారు.

యూనియన్లలో పనిచేసిన మిత్రులకు ఆసక్తి కలిగించే ఘట్టం ఇంకొకటి ఉంది. 1941 మే 29న డిస్నీ స్టూడియోలోని చిత్రకారులే సమ్మెకు దిగారు. జీతాల్లో హెచ్చుతగ్గులు, తెరమీద తమ పేర్లు కనిపించకపోవడం, సంఘాన్ని గుర్తించకపోవడం వారి ఫిర్యాదులు. చివరకు యాజమాన్యం సంఘాన్ని గుర్తించక తప్పలేదు. ఒకనాడు తన శ్రమ పరుల పాలైందని బాధపడిన మనిషి, తన కింద పనిచేసేవారి బాధను సకాలంలో పట్టించుకోలేదన్నది చరిత్ర. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి దాచిపెట్టకూడదని నా అభిప్రాయం.

ఇక రీళ్ళ సంగతి. సినిమా హాళ్ళకు వెళ్ళే 35 ఎం.ఎం. ఫిల్ము ఆ రోజుల్లో నైట్రేటుతో చేసేవారు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, కాలం గడిస్తే జిగురై, చివరకు పొడి అవుతుంది. ఇళ్ళలో అది ప్రమాదం. అందుకే పాథే కంపెనీ 1922లో 9.5 ఎం.ఎం., కొడాక్ 1923లో 16 ఎం.ఎం., 1932లో 8 ఎం.ఎం. ఫిల్ములను సులభంగా అంటుకోని అసిటేటు మీద తెచ్చాయి. కార్టూను చిత్రాలను కుదించి పిల్లల కోసం ఈ చిన్న రీళ్ళ మీద అమ్మేవారు. నా దగ్గరున్న ఒక 8 ఎం.ఎం. రీలు 50 అడుగులది. అడుగుకు 80 ఫ్రేముల చొప్పున 4,000 బొమ్మలు. సెకనుకు 16 చొప్పున తిప్పితే నాలుగు నిమిషాల పైచిలుకు ఆట. శబ్దం లేదు, రంగు లేదు. అయినా తెల్ల దుప్పటి కట్టి వేస్తే ఇల్లంతా పోగవుతుంది.

టాకీలు వచ్చాక మూకీలకు విలువ పోయింది. ఫిల్ములోని వెండి కోసం కరిగించినవి కొన్ని, కాలిపోయినవి కొన్ని. యూనివర్సల్ సంస్థే 1948లో తన వద్ద మిగిలిన మూకీ ప్రతులను నాశనం చేయించింది. ఆస్వాల్డ్ చిత్రాలు అనేకం అంతరించాయనే అనుకున్నారు. 2011లో ఇంగ్లండులోని ఒక ప్రైవేటు ఫిల్ము భాండాగారంలో ‘హంగ్రీ హోబోస్’ బయటపడి, వేలంలో 31,250 డాలర్లు పలికింది. 2014లో నార్వే జాతీయ గ్రంథాలయంలో ‘ఎంప్టీ సాక్స్’, 2015లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ‘స్లే బెల్స్’ కనిపించాయి.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది 2018 నాటి సంగతి. జపానులో ఎనభై దాటిన ఒక కార్టూను చరిత్ర పరిశోధకుడు, తాను హైస్కూలు విద్యార్థిగా ఒసాకాలో 500 యెన్‌లకు కొనుక్కున్న 16 ఎం.ఎం. రీలును సుమారు 70 ఏళ్ళు భద్రంగా దాచుకున్నారు. దానిమీద ఉన్నది మిక్కీ పేరు. ఆస్వాల్డ్ గురించి వచ్చిన ఒక పుస్తకం చదివాక ఆయనకు అనుమానం వచ్చింది. పరిశీలిస్తే అది 1928 నాటి ‘నెక్ అండ్ నెక్’ అనే ఆస్వాల్డ్ చిత్రంలోని రెండు నిమిషాల భాగమని తేలింది. పెద్ద కంపెనీ నిలబెట్టలేనిదాన్ని ఒక బడి పిల్లవాడి ముచ్చట నిలబెట్టింది.

డిస్నీ ఇవేవీ చూడలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1966 డిసెంబరు 15న కన్నుమూశారు. 1940లోనే తిరిగి ఆయన దగ్గరకు చేరిన ఐవర్క్స్ 1971లో మరణించారు. ఆస్వాల్డ్ హక్కులు మాత్రం 2006లో డిస్నీ కంపెనీకి తిరిగి వచ్చాయి. అందుకు బదులుగా ఆ కంపెనీ తన టీవీ క్రీడావ్యాఖ్యాత ఆల్ మైకేల్స్‌ను యూనివర్సల్‌తో కలిసి ఉన్న ఎన్.బి.సి.కి వెళ్ళనిచ్చింది.

మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చింది. ఈనాడు దాని ప్రతి ఒక్కటీ లేదు. కాబట్టి మిత్రులకు నా మనవి ఇది. అటక మీద, ట్రంకు పెట్టెల్లో పాత రీళ్ళుంటే పారవేయకండి. డబ్బా మీది పేరునే నమ్మకండి. పాత ప్రొజెక్టరులో పెట్టి తిప్పకండి, తెగిపోతాయి. చేత్తో నెమ్మదిగా విప్పి, వెలుతురుకు పట్టి చూడండి. పులిసిన వెనిగర్ వాసన వస్తుంటే ఫిల్ము చెడుతున్నట్లే, దాన్ని మిగతావాటికి దూరంగా చల్లని పొడి చోట ఉంచి, తెలిసినవారికి చూపించండి. పూణేలో 1964లో నెలకొల్పిన జాతీయ ఫిల్ము భాండాగారం ఇటువంటి వాటిని కాపాడటానికే ఉంది. అందులో కార్టూను లేకపోవచ్చు, మీ పెళ్ళి ఊరేగింపే ఉండవచ్చు. అది కూడా రేపటివారికి చరిత్రే.